ఎవరి కొలతకు వారి తెల్లకర్ర

నంద్యాల, ఆళ్లగడ్డ దారుల్లో మడత కర్ర కొనేముందు చూసుకోవాల్సిన సంగతులు

మోటారు సైకిలు లెర్నింగ్ లైసెన్సు పరీక్షకు చదువుకున్నవాళ్లకు ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. చూపులేని మనిషి తెల్లకర్ర పట్టుకుని రోడ్డు దాటుతుంటే డ్రైవరు ఏం చేయాలి? హారన్ కొట్టాలా, వేగం తగ్గించుకుని పోవాలా, ఆ కర్రనే ట్రాఫిక్ గుర్తుగా తీసుకుని బండి ఆపాలా? బండి ఆపాలన్నదే సరైన జవాబు. ఆ జవాబు మీద మీట నొక్కి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు నంద్యాలలో ఎంతోమంది. సాయంత్రం శ్రీనివాస సెంటర్‌లో నిలబడి చూస్తే మాత్రం హారన్ జవాబే గెలుస్తూ ఉంటుంది.

అది బండి నడిపేవాళ్ల సంగతి. ఈ వారం కథనం కర్ర పట్టుకునేవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. మన ఊళ్లలో తెల్లకర్రను ఎంచుకోవడమన్నది దాదాపు లేదు. ఎవరో ఇస్తారు, వీళ్లు పుచ్చుకుంటారు. సైజు చూడకుండా చెప్పులు కొనేవాళ్లు ఉండరు కానీ, దారి చూపే కర్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ఒకటే సైజు. వేదిక, దండలు, ఫొటోలు. ఆ ఫొటోల్లో కర్ర ఎప్పుడూ మడిచే ఉంటుంది. అది పొట్ట దాకా కూడా రావడం లేదని ఇంటికి పోయి విప్పాక గానీ తెలియదు. నాలుగు రోజులు నడుము వంచి నడిచి, నొప్పెట్టి, తలుపు మూలకు చేరుస్తారు. కర్ర ఇప్పించినా వాడడం లేదని ఇంట్లోవాళ్లు సణుగుతారు. అలాంటి ఇళ్లలో తప్పు మనిషిది కాదు, కొలతది.

ఊతకర్ర కాదు

ముందు ఒక తేడా తేల్చుకోవాలి. ముసలివాళ్లు బరువు ఆనించి నడిచేది ఊతకర్ర. దాని కింద రబ్బరు బుష్ ఉంటుంది, ఎత్తు తుంటి దాకా చాలు. తెల్లకర్ర మీద బరువు వేయకూడదు, వేస్తే వంగుతుంది. దాని పని ముందున్న నేలను ముందే తాకి, గుంతో మెట్టో కాలువో చేతికి చెప్పడం. చూపు తగ్గి, కాళ్లలో కూడా బలం తగ్గిన పెద్దవాళ్లకు రెండు పనులూ ఒకే కర్రతో జరగాలని ఇంట్లోవాళ్లు ఆశపడతారు. జరగవు. అలాంటివాళ్లకు బరువు మోసేలా తయారుచేసిన తెల్ల ఊతకర్రలు వేరే దొరుకుతాయి. అవి ఎదుటివాళ్లకు గుర్తుగా పనికొస్తాయి, దారి వెతకడానికి అంతగా పనికిరావు.

తెల్లరంగు కథ వందేళ్లది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఇంటి చుట్టూ బండ్ల రద్దీకి జడిసి, వాటి కంట పడాలని 1921లో తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. మన ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టే లయన్స్ క్లబ్బులకూ ఈ కథలో వాటా ఉంది. అమెరికాలోని పియోరియా ఊరి లయన్స్ సభ్యుడు జార్జ్ బోనం చొరవతో 1930లో ఆ ఊరు తెల్లకర్రకు దారి ఇవ్వాలని కట్టడి చేసింది. ఆ మరుసటి ఏడు పారిస్‌లో గిల్లీ దెర్బెమోఁ అనే ఆవిడ వేల కర్రలు పంచిపెట్టింది. 1964 నుంచి అక్టోబరు 15 తెల్లకర్ర దినం.

ఇంతవరకూ కర్ర ఒక గుర్తు మాత్రమే. దాన్ని పనిముట్టుగా మార్చింది రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధంలో చూపు పోయిన సైనికులు పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి చేరేవారు. అంతకుముందు అంధుల బడిలో పంతులుగా చేసిన రిచర్డ్ హూవర్ 1944 ప్రాంతంలో అక్కడ ఉన్నాడు. చేతికర్ర పొట్టిది, బరువైనది, ముందున్న గుంతను పట్టుకునేసరికి కాలు అందులోనే ఉంటుందని అతను గమనించాడు. కర్రను పొడవు చేశాడు, తేలిక చేశాడు. కుడి కాలు వేసేటప్పుడు కర్ర మొన ఎడమ వైపు, ఎడమ కాలు వేసేటప్పుడు కుడి వైపు, భుజాల వెడల్పున విసురుతూ నడవాలని నేర్పాడు. ఈనాటికీ ప్రపంచమంతా నేర్పేది ఆ నడకే. హూవర్ తర్వాత కంటి డాక్టరయ్యాడు.

కొలత ఎట్ల తీసుకోవాలి

కర్ర పొడవు ఎంతుండాలో హూవర్ నడకలోనే ఉంది. మొన ఒక అంగ ముందుండాలి, ప్రమాదం తగిలాక కాలు ఆపుకునే వ్యవధి దొరకాలి. మామూలు నడక గంటకు నాలుగు కిలోమీటర్లు అనుకున్నా సెకనుకు మీటరు పైనే ముందుకు పోతాం. అరచేతికి కబురు అంది, కాలు ఆగేలోపు గడిచే ఆ క్షణమే కర్ర పొడవును తేలుస్తుంది.

శిక్షకులు మొదటి నుంచీ చెప్పే కొలత రొమ్ము ఎముక కింది కొస. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, కర్రను నేల మీద నిలువుగా ఆనిస్తే పిడి పైకొస అక్కడికి రావాలి. అయిదున్నర అడుగుల మనిషికి అది సుమారు నాలుగడుగులు. పొడవు కర్ర కావాలనే వర్గం ఇంకొకటి ఉంది. అమెరికాలో అంధులే నడిపే సంఘాలవాళ్లు గడ్డం దాకా, ఒక్కోసారి ముక్కు దాకా రావాలంటారు. అదే మనిషికి నాలుగడుగుల తొమ్మిదంగుళాలన్నమాట. ఇందులో ఎవరు ఒప్పు అనేది నడిచే వేగాన్ని బట్టి ఉంటుంది. చురుగ్గా నడిచే కుర్రవాడికి, పెద్ద పెద్ద అంగలు వేసేవాడికి పొడవైనదే నయం. సంతలో జనం మధ్య మెల్లగా తిరిగే పెద్దాయనకు పొడవు కర్ర అందరి కాళ్లకూ అడ్డం. తేల్చుకోలేకపోతే రొమ్ము ఎముకకూ గడ్డానికీ మధ్యలో ఎక్కడైనా పర్వాలేదు, రొమ్ముకు దిగువన మాత్రం వద్దు. బడిపిల్లలకు కొలత ఏటా మారుతుంది. పెరిగాక సరిపోతుందిలే అని పెద్ద సైజు చొక్కా కుట్టించవచ్చు గానీ కర్ర కొనిపెట్టకూడదు.

మడత ఎందుకు

నిజం చెప్పాలంటే మడతలేని ఒంటి గొట్టం కర్రే మెరుగైన పనిముట్టు. అతుకులు లేవు కాబట్టి నేల వణుకు మధ్యలో ఎక్కడా తగ్గకుండా చేతికి వస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. ఊరు దాటకుండా, ఇంటి నుంచి గుడికీ అంగడికీ నడిచేవాళ్లు అదే వాడుకుంటే మంచిది. బస్సెక్కేవాళ్ల కథ వేరు. ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా నంద్యాలకు పల్లెవెలుగులో నిలబడి వచ్చేటప్పుడు నాలుగడుగుల కర్రను ఏం చేసుకోవాలి? షేర్ ఆటోలో ఎవరి మోకాలికి తగిలించాలి? మడత కర్ర పుట్టింది ఇందుకే. నాలుగైదు ముక్కలుగా మడిస్తే అడుగు పొడవు చిన్న కట్ట అవుతుంది. ఒడిలో పెట్టుకోవచ్చు, సంచిలో వేసుకోవచ్చు.

దాని లోపలి పని తేలికైనది. గొట్టం ముక్కల లోపల పిడి నుంచి మొన దాకా ఒక సాగే ఎలాస్టిక్ తాడు ఉంటుంది. విదిలిస్తే ఆ తాడు ముక్కల్ని లాగి ఒకదానిలో ఒకటి కూర్చోబెడుతుంది. కర్ర ఆయుష్షంతా ఆ తాడులోనూ ఆ అతుకుల్లోనూ ఉంది. మన ఎండలకు, 40 డిగ్రీలు దాటడం మామూలైన చోట, రబ్బరు త్వరగా బిగి కోల్పోతుంది. రోడ్డు దుమ్ము అతుకుల్లో చేరి అరగదీస్తుంది. రోజూ పొడిగుడ్డతో అతుకులు తుడవాలి. నూనె పెట్టకూడదు, పెడితే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. తాడు వదులైతే కర్ర పారేయనక్కర్లేదు. తాడు మార్చడం సైకిలు షాపులో చేయి తిరిగినవాడికి పెద్ద పని కాదు, సరైన మందం తాడు దొరకాలంతే.

ఒకదానిలోకి ఒకటి జారిపోయే రకం, పాత రేడియో ఏరియల్ తరహావి, ఇంకొన్ని ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. గుంత అంచుకు గట్టిగా తగిలితే కొన్ని లోపలికి జారిపోతాయి. జారని బిగింపు ఉంటేనే రోజువారీ వాడకానికి తీసుకోండి.

ఇక గొట్టం. మనకు ఎక్కువగా దొరికేది అల్యూమినియం. చవక, గట్టిది, వంగితే చాలాసార్లు సరిచేసుకోవచ్చు. ఫైబర్‌గ్లాస్ వంగి ఉండిపోదు కానీ చీలుతుంది. కార్బన్ ఫైబర్ అన్నిటికన్నా తేలిక, నేల కబురు బాగా తెస్తుంది, ధరే ఎక్కువ. పిడికి రబ్బరో కార్కో ఉండాలి. ఉత్త లోహపు పిడి మే నెలలో మధ్యాహ్నం పూట పట్టుకోలేం.

నాపరాయి, నల్లరేగడి

మొన సంగతి కర్ర పంచేవాళ్లకు పట్టదు, కొనేవాళ్లకు తెలియదు. నన్నడిగితే పొడవు తర్వాత చూడాల్సింది అదే. మొన నేలను బట్టి ఉండాలి, మన నేల అందరి నేల లాంటిది కాదు.

బనగానపల్లె, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన వాకిళ్లు, అరుగులు, కాలువ మీది మూతలు ఈ జిల్లాలో ఎక్కడ చూసినా ఉంటాయి. చూపులేనివాళ్లకు నాపరాయి ఒక విధంగా వరం. కర్ర మొన తాకితే టంగుమని మోగుతుంది. కింద గట్టి నేల ఉంటే ఒక మోత, కింద కాలువ ఉంటే డొల్ల మోత. అలవాటైన చెవికి ఆ తేడాతోనే కాలువ అంచు తెలిసిపోతుంది. ఊతకర్ర బుష్ తగిలించిన తెల్లకర్రతో ఈ మోత వినపడదు, రబ్బరు దాన్ని మింగేస్తుంది. అందుకే మొన నైలానుదై ఉండాలి.

నాపరాయితో చిక్కు కూడా ఉంది. రెండు బండల మధ్య సందులు, పగిలి ఎగిరిపోయిన మూలలు. సన్నటి పెన్సిల్ మొన ఆ సందులో ఇరుక్కుంటుంది. నడక జోరులో ఉంటే కర్ర పిడి వచ్చి పొట్టలో పొడుస్తుంది. లావుపాటి గుండ్రటి నైలాన్ మొన, లేదా చక్రంలా తిరిగే మొన ఉంటే సందు మీదుగా జారిపోతుంది. కర్రను ఎత్తి ఎత్తి తాకించకుండా నేల మీదే అటూ ఇటూ దొర్లిస్తూ నడవడానికి ఈ తిరిగే మొన అనువు. సిమెంటు రోడ్డుకు, బస్టాండు గచ్చుకు, రైల్వే ప్లాట్‌ఫారానికి ఇది బాగుంటుంది.

అదే మొన వానాకాలంలో నల్లరేగడి దారికి పోతే తిరగడం మానేస్తుంది. బంక మట్టి చుట్టుకుని ముద్దయి, కర్ర బరువు చేయి లాగేస్తుంది. పొలం గట్ల మీద, డొంక దారుల్లో నడిచేవాళ్లకు తిరగని గుండ్రటి మొనే మేలు. దొర్లించకుండా ఎత్తి తాకిస్తూ నడవాలి. మొనను కొక్కేనికి తగిలించే రకం కర్ర తీసుకుంటే ఎండకాలానికి ఒకటి, వానకాలానికి ఒకటి మార్చుకోవచ్చు. మొన అరిగిపోయే వస్తువు. కర్రతోపాటే రెండు విడి మొనలు అడిగి తీసుకోవాలి.

కొనేచోట ఇవి చేసి చూడండి. కర్రను విదిలిస్తే ముక్కలన్నీ చేయి సాయం లేకుండా కూర్చోవాలి. పిడి పట్టుకుని అడ్డంగా చాచి ఊపితే అతుకుల దగ్గర లొటలొట చప్పుడు రాకూడదు. బండ మీద తాకిస్తే ఆ దెబ్బ చేతికి తెలియాలి. చేయి చాచి అయిదు నిమిషాలు పట్టుకుంటే మణికట్టు లాగకూడదు. తెల్లటి పొర ఉత్త పెయింటా, బండి లైటు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ టేపా అన్నది సెల్‌ఫోన్ టార్చి వేస్తే తెలిసిపోతుంది. కర్నూలు–కడప హైవే దాటాల్సిన ఊళ్లవాళ్లు మెరిసే టేపు లేని కర్ర తీసుకోవద్దు. కింది ముక్క ఎర్రగా ఉండటం మామూలే. బ్రిటన్‌లో మాత్రం తెల్లకర్ర మీద ఎర్ర పట్టీలుంటే ఆ మనిషికి వినికిడి కూడా లేదని అర్థం. అక్కడున్న పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కర్ర చూడనివి

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు రోడ్డు వారన దేవతామూర్తులు నిలబడి ఉంటాయి. రాతి పీఠాన్ని కర్ర కనిపెడుతుంది. చాచిన రాతి చేతిని కనిపెట్టలేదు. కరెంటు స్తంభం స్టే వైరు, బంకు ముందు వాల్చిన రేకు, ట్రాక్టరు ట్రాలీ నుంచి బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ, ఇవన్నీ అంతే. మోకాలి పైన ఉన్నది ఏదైనా తెల్లకర్రకు కనపడదు, ఎంత ఖరీదైనదైనా సరే.

ఈ లోటు తీర్చడానికే ఢిల్లీ ఐఐటీలో ఆచార్య ఎం. బాలకృష్ణన్ బృందం స్మార్ట్‌కేన్ తయారుచేసింది. మడత కర్ర పిడికి తగిలించే పరికరం అది. గబ్బిలం పద్ధతిలో మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి మూడు మీటర్ల లోపున్న అడ్డంకులను వణుకుతో చేతికి చెబుతుంది. చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తయారీ చేపట్టింది. 2014లో సుమారు 3,000 రూపాయల ధరతో విడుదలైంది. విదేశీ పరికరాల ధరలతో పోలిస్తే అది చాలా తక్కువ. మంచి వస్తువే. కానీ మామూలు కర్రతో నడక రానివాళ్లకు ఇది ముందుగా కొనిపెట్టకండి. గుంతను, మెట్టును చెప్పేది నేలను తాకే మొనే. వణుకు పరికరం దానికి తోడే తప్ప బదులు కాదు.

కొంచెం కనపడేవాళ్ల మొహమాటం

మడత కర్ర వల్ల ఇంకో లాభముంది. అది అందరూ చెప్పుకునేది కాదు. మడిచి దాచేయొచ్చు.

రాయలసీమలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి రక్తసంబంధాల్లో పెళ్లిళ్ల వల్ల ముప్పు పెరిగే జబ్బుల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా ఒకటి. మొదట రేచీకటి వస్తుంది. తర్వాత పక్క చూపు తగ్గుతూ తగ్గుతూ, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనపడుతుంది. ఇలాంటివాళ్లు పేపరు చదవగలరు, పక్కనున్న కాలువలో పడతారు. గ్లకోమా ముదిరినా ఇదే తీరు. పేపరు చదివేవాడు కర్ర పట్టుకుంటే ఊళ్లో నటన అంటారు. పెళ్లి కావాల్సిన పిల్ల చేతిలో కర్ర కనపడితే సంబంధాలు రావని తల్లి భయం. దాంతో పడుతూ లేస్తూనే ఏళ్లు గడిపేస్తారు.

చట్టం వీళ్ల పక్షానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు పరిధి 10 డిగ్రీల కన్నా తగ్గితే, అక్షరాలు కనపడుతున్నా సరే, అంధత్వమే. ఆ పైన 40 డిగ్రీల లోపు ఉంటే అల్పదృష్టి. అర్జెంటీనాలో పెర్లా మాయో అనే ఉపాధ్యాయురాలు 1996లో అల్పదృష్టి ఉన్నవాళ్ల కోసం ఆకుపచ్చ కర్రను ముందుకు తెచ్చింది. తర్వాత ఆ దేశం దానికి చట్టం కూడా చేసింది. మనకు ఆకుపచ్చ వేరుగా అక్కర్లేదు. పగలు మడిచి సంచిలో ఉంచుకుని, మసక వేళ విప్పుకునే మడత కర్ర చాలు. సిగ్గు పోయేదాకా దాచుకోనివ్వండి, ఎప్పుడో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు బయటికి తీస్తారు.

కర్ర దాకా రాకముందే చూడాల్సిన సంగతి ఒకటుంది. 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్ల అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలని తేలింది. శుక్లాలకు ఆపరేషన్ ఉంది. ముసలితనంలో చూపు పోవడం మామూలేనని కర్ర కొనిచ్చి ఊరుకునే ముందు కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, దగ్గరున్న కంటి డాక్టరుకో చూపించాలి. షుగరు ఉన్నవాళ్లయితే మరీను. ఉలి దెబ్బకు రాతి పలుకులు ఎగిరే ఆళ్లగడ్డ షెడ్లలో కళ్లద్దాలు పెట్టుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

నేర్పేవాళ్ల కరువు అసలు కరువు. బడిపిల్లలకు భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. నలభై ఏళ్ల వయసులో చూపు పోయిన మేస్త్రీకి, రైతుకు నంద్యాలలో కర్ర నడక నేర్పే ఏర్పాటు అంత తేలిగ్గా దొరకదు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస విభాగం ఉంది. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థకు సికింద్రాబాద్‌లో శాఖ ఉంది. కొన్నాళ్లు అక్కడ ఉండి నేర్చుకుని వచ్చినా ఆ ఖర్చు దండగ కాదు. కర్ర ఇచ్చే సంఘాలు కర్రతోపాటు ఒక శిక్షకుణ్ణి వారం రోజులు ఊరికి తీసుకొస్తే, పంచే కర్రల సంఖ్య సగమైనా ఫలితం రెట్టింపవుతుంది.

దారిలో సాయం చేసేవాళ్లకూ ఒక మాట. కర్ర పట్టి లాగొద్దు. "యాడికి పోవాలన్నా?" అని ముందు అడిగి, మీ మోచేయి అందించండి. ఆయనే పట్టుకుంటాడు.

కర్రకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. మామూలు మడత కర్ర కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఎడిప్ పథకం కింద ఉచితంగానూ వస్తుంది. 40 శాతం పైగా వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం కావాలి, దాని స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో దొరుకుతుంది. నెల ఆదాయం 22,500 రూపాయల లోపుంటే పూర్తి సాయం, 30,000 దాకా సగం. సాధారణంగా కాన్పూరులోని అలిమ్కో సంస్థ పరికరాలు అందిస్తుంది. ముందు గుర్తింపు శిబిరం, కొన్నాళ్లకు పంపిణీ శిబిరం. పొడవు చెప్పాల్సింది ఆ మొదటి శిబిరంలోనే. రొమ్ము ఎముక దాకా టేపు పెట్టించుకుని, ఆ సెంటీమీటర్లు మీ కాగితం మీద రాయించండి. పంపిణీ రోజున కర్రను ఫొటోకు ముందే విప్పి నిలబెట్టి చూడండి. పొట్టిగా ఉంటే సంతకం పెట్టకండి, మార్చి ఇమ్మని అడగండి. అదే సాయం మళ్లీ అందాలంటే పెద్దవాళ్లు మూడేళ్లు ఆగాలి.